చీరల బొంత: అంచు, పేరు, మొదటి ఉతుకు

అమ్మమ్మవో నాయనమ్మవో మెత్తబడిన నూలు చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, అరంగుళానికో వరస చొప్పున రన్నింగ్ కుట్టు వేసుకుంటూ చివరిదాకా వచ్చేసరికి, ఇక అయిపోయిందనిపిస్తుంది. బొంత పాడయ్యేది సరిగ్గా ఇక్కణ్నుంచే. తొందరపడి అంచు కుడితే అలలు అలలుగా లేస్తుంది. పేరు కుడితే చదవడానికి రాదు. మొదటిసారి నీళ్లలో పెట్టగానే మెరూన్ చీర రంగు పక్కనున్న లేత పసుపుకి అంటుకుంటుంది. తరవాత దాన్ని తీసి బీరువాలో దాచేస్తారు, ఎవరికోసం కుట్టామో ఆ పాపాయి దాకా రానే రాదు. అందుకే వరసలు కుట్టేశాక చేయాల్సిన పనుల గురించే ఈ పోస్టు.

ముందు కొలత. పసిపాపకి ఇచ్చే బొంతకి 36 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు అన్ని విధాలా కలిసొస్తాయి. నూలు చీర పన్నా (వెడల్పు) 46, 47 అంగుళాలు ఉంటుంది. రెండు పక్కలా జరీ అంచు కత్తిరించేసినా 36 తేలిగ్గా వస్తుంది. పొడవు వైపు ఎలాగూ ఐదున్నర మీటర్లు ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. ఇంకో సౌకర్యం ఏమిటంటే, 36కి 48 ఉన్న బొంత మూలలు మట్టంగా ఉంటే ఐమూల కొలత కచ్చితంగా 60 అంగుళాలు వస్తుంది. దర్జీ టేపు పొడవూ అంతే. టేపు ఈ మూల నుంచి ఆ మూలకి సరిపోయిందంటే మూలలు సరిగ్గా ఉన్నట్టే. పెద్దవాళ్ల బొంతకి 60కి 80 పెట్టుకుంటే ఐమూల 100 వస్తుంది.

చేతికుట్టు బొంతని దగ్గరికి లాగుతుంది. ఎంత కొలిచి పరిచినా, కుట్టడం పూర్తయ్యేసరికి ఒక్కో వైపు అంగుళం, అంగుళంన్నర తగ్గుతుంది. అందుకే పొరలు మొదట్లోనే రెండేసి అంగుళాలు ఎక్కువ వేసి ఉంచాలి. ఇప్పుడు రెండు ఐమూలలూ కొలిస్తే ఒకటి 60, ఇంకోటి 59 వచ్చిందనుకోండి, వెంటనే కత్తెర పట్టుకోవద్దు. బొంత మీద నీళ్లు చిలకరించి, పొట్టిగా ఉన్న ఐమూల వైపు ఇద్దరు రెండు మూలలూ పట్టుకుని మెల్లగా లాగాలి. నేల మీద పరిచి నాలుగు వైపులా బరువులు పెట్టి ఆరనివ్వాలి. నూలు బట్ట మాట వింటుంది. అర అంగుళం, అంగుళం తేడాలు ఇలాగే సర్దుకుంటాయి. ఆ తరవాతే సుద్దతో గీత గీయాలి.

గీత మీద కత్తిరించే ముందు ఒక పని తప్పనిసరి. గీతకి పావు అంగుళం లోపలగా చుట్టూ ఒక మిషను కుట్టు వేయాలి. చేతికుట్టు వరసలన్నీ అంచు దాకా వెళ్లి ఉంటాయి. కత్తెర పడగానే ప్రతి వరసకీ ముడి పోయి కొస వదులవుతుంది. ఈ చుట్టుకుట్టు లేకపోతే నాలుగు ఉతుకులకి వరసలు లోపలికి ఊడుతూ పోతాయి. మిషను లేకపోతే చేత్తోనే, చిన్న చిన్న బ్యాక్ స్టిచ్ వేసుకోవచ్చు.

అంచు పట్టీకి మాత్రం పాత చీర వాడొద్దని నా మాట. సెంటిమెంటు కోసం అంచు కూడా అదే చీరతో వేస్తారు చాలామంది. బొంతలో మొదట అరిగేది అంచే. పట్టుకుని లాగేది అక్కడే, పిండేది అక్కడే. చివికిన బట్ట అక్కడ ఏడాది నిలవదు. కొత్త పాప్లిన్ అర మీటరు తెచ్చుకుంటే చాలు. లెక్క ఇది: చుట్టుకొలత 168 అంగుళాలు, మూలలకీ అతుకులకీ ఇంకో పది. 36 అంగుళాల పన్నా బట్టలో రెండున్నర అంగుళాల వెడల్పున అడ్డంగా ఆరు పట్టీలు తీస్తే, అతుకుల్లో పోయింది పోగా 200 అంగుళాలు మిగులుతాయి. 60కి 80 బొంతకైతే తొమ్మిది పట్టీలు కావాలి, ముప్పావు మీటరు తీసుకోండి. తెచ్చిన బట్ట ముందుగా నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తిరించాలి. పాత చీరలు ఇక కుదించుకుపోయేదేమీ ఉండదు. కొత్త పాప్లిన్ మాత్రం మొదటి ఉతుక్కే కుదించుకుని, అంచు మొత్తం చున్నటాలు పెట్టినట్టు ముడుచుకుపోతుంది.

జాకెట్టు మెడకి తీసినట్టు క్రాస్ పట్టీ ఇక్కడ అక్కర్లేదు. తిన్నని అంచుకి క్రాస్ పట్టీ వేస్తే అది సాగి, అలలు లేస్తాయి. పట్టీలు ఒకదానితో ఒకటి అతికేటప్పుడు మాత్రం ఏటవాలుగా, 45 డిగ్రీల్లో కుట్టాలి. అప్పుడు అతుకు దగ్గర మందమంతా ఒక్కచోటే పోగుపడదు. అతికిన పట్టీని నిలువునా సగానికి మడిచి ఇస్త్రీ చేస్తే అంగుళంపావు వెడల్పు జోడు పట్టీ తయారవుతుంది.

దీన్ని మూల దగ్గర మొదలుపెట్టకూడదు. పొట్టి పక్క మధ్యలో మొదలుపెట్టి, పది అంగుళాల కొస వదిలేసి, అంచు నుంచి అంగుళంలో మూడో వంతు లోపలగా కుట్టుకుంటూ రావాలి. మిషను కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు, సూది 16 నంబరు. ఐదు పొరలూ పట్టీ రెండు మడతలూ కలిసి ఏడు బట్టల మందం అవుతుంది కాబట్టి ఫుట్ (బట్టని నొక్కిపట్టే మిషను పాదం) ఒత్తిడి కొంచెం వదులు చేయాలి, లేకపోతే పై పట్టీ ముందుకి తోసుకుపోతుంది. పట్టీని లాగొద్దు, బొంతనీ లాగొద్దు. వేలాడే బరువుకి బొంత దానంతటదే సాగుతుంది కనుక పక్కన కుర్చీయో బల్లో వేసి దాని మీదకి ఎక్కించుకోండి.

మూల తిప్పడం ఒకసారి చేతికి వస్తే ఇక మర్చిపోరు. మూలకి ఇంకా మూడో వంతు అంగుళం ఉండగానే ఆపి, రెండు కుట్లు వెనక్కి వేసి దారం తెంచేయాలి. పట్టీని నిట్టనిలువుగా పైకి మడిస్తే అక్కడ ఏటవాలు మడత పడుతుంది. దాన్ని వేలితో నొక్కిపట్టి, పట్టీని మళ్లీ కిందకి, కొత్త పక్క వెంట దించాలి. ఆ పైమడత బొంత పై అంచుతో సమానంగా ఉండాలి. సూది మళ్లీ ఆ అంచు మీదనుంచే మొదలవ్వాలి. మూల గుండ్రంగా వచ్చిందంటే మీరు ఆపాల్సిన చోటు దాటి కుట్టేశారని అర్థం. నాలుగు కుట్లు విప్పి మళ్లీ వేస్తే సరిపోతుంది. చివర్లో మొదటి కొసని ఏటవాలుగా లోపలికి మడిచి, రెండో కొసని దాని పొట్టలో దూర్చి కుట్టేయాలి.

వెనక వైపు చేతి హెమ్మింగే. అంగుళానికి ఎనిమిది కుట్లు, ఒంటి పోగు దారం, మూర పొడవు మించకుండా. పొడుగు దారం తీసుకుంటే పని తొందరగా అవుతుందనుకుంటాం గానీ, అది ఐదు పొరల్లోంచి రాసుకుంటూ వచ్చేసరికి చివరి జానెడూ నూగుపట్టి తెగుతుంది.

ముడుల సంగతి ఒకటి చెప్పాలి. క్విల్టింగ్ వీడియోల్లో దారానికి ముడి వేసి, చటుక్కున లాగి, పొరల మధ్యలోకి దూర్చేస్తుంటారు. కొత్త బట్టకి అది బాగుంటుంది. ఇరవై ఏళ్లు కట్టిన వెంకటగిరి చీర మీద అలా లాగితే ముడితో పాటు నేత కూడా చిల్లు పడుతుంది. ఇక్కడ ముడి అసలు వేయకుండా, సూదిని పొరల మధ్యనుంచి ఒక అంగుళం పోనిచ్చి, పైకి తీసి, ఒకేచోట రెండు సన్న కుట్లు వేసి, మళ్లీ లోపలికి పోనిచ్చి కొస కత్తిరించాలి.

ఇక పేరు.

పాపాయి బొంతకి పేరు కుట్టడంలో తెలుగువాళ్లకి ఒక చిక్కుంది. బారసాల దాకా పేరు తెలియదు, తెలిసినవాళ్లు చెప్పరు. పదకొండో రోజో ఇరవై ఒకటో రోజో పేరు పెడతారు, కానుక ఇవ్వాల్సింది కూడా ఆ రోజే. కాబట్టి బొంత మొత్తం పూర్తి చేసి ఉతికి సిద్ధంగా ఉంచుకుని, పేరు మాత్రం విడిగా ఒక తెల్ల బట్ట ముక్క మీద కుట్టి చివర్న అతకడం మంచిది. పేరు ముందే చెప్పమని తల్లిదండ్రుల్ని అడగగలిగితే అడగండి. లేకపోతే ఆ ముక్క మీద ఎవరెవరి చీరలు ఉన్నాయో, ఏ సంవత్సరమో ముందే కుట్టేసి, పేరుకి పై వరస ఖాళీగా ఉంచి, బారసాల అయ్యాక ఒక పూట కూర్చుని ముగించొచ్చు.

ముక్క 5కి 7 అంగుళాలు, పాప్లినే. మల్‌మల్ వద్దు, అక్షరాల చుట్టూ ముడతలు పడుతుంది. గంజి దట్టంగా పెట్టి ఇస్త్రీ చేశాక గీసుకుంటే బట్ట కాగితంలా నిలబడి గీత జరగకుండా ఉంటుంది, కుట్టు పడ్డాక ముడతలూ రావు. గంజి తరవాత ఉతుకులో పోతుంది.

తెలుగు అక్షరం కుట్టడం ఇంగ్లీషు అక్షరం కుట్టినంత తేలిక కాదు. తిన్నని గీతలు దాదాపు లేవు, అన్నీ వంపులే. పైన గుడులూ కొమ్ములూ, కింద వత్తులూ. అక్షరం ఒంటి ఎత్తే 3 సెంటీమీటర్లు ఉండాలి. అంతకన్నా తగ్గితే గుడిదీర్ఘం లోపలి మెలిక దారంతో పూడిపోయి చుక్కలా మిగులుతుంది. ‘లక్ష్మి’ లాంటి పేరుకి పైన గుడి, కింద మావత్తు కలిపి ఎత్తు రెట్టింపవుతుంది. 3 సెంటీమీటర్ల అక్షరానికి 6 సెంటీమీటర్ల చోటు వదలాలి. రెండు వరసలు రాస్తుంటే పై వరస వత్తులూ కింది వరస గుడులూ ఢీకొంటాయి, ముందే కాగితం మీద వేసి చూసుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువగా తప్పు పడేది తలకట్టు దగ్గర. ప, ష, స, హ లాంటి అక్షరాల్లో తలకట్టు ఒంటికి అంటుకోదు, మధ్యలో సందు ఉంటుంది. వ లో అంటుకుంటుంది. ‘ప్రణవి’ని తీసుకోండి. మొదటి అక్షరంలో సందు 3 మిల్లీమీటర్లయినా లేకపోతే, నాలుగు ఉతుకులకి దారం నూగు లేచి ఆ సందు పూడుకుపోతుంది, పాప ‘వ్రణవి’ అయిపోతుంది. అర్థం చూసుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. తలకట్టుని విడి గీతగా, ఒంటి కుట్టు పూర్తి చేసి దారం ఆపేశాక మళ్లీ మొదలుపెట్టి కుట్టాలి. వెనకనుంచి దారం లాక్కుపోకూడదు. పల్చటి తెల్లబట్టలో ఆ దారం నీడలా కనిపించి సందుని మింగేస్తుంది. ‘మిథిల’లో థ పొట్టలో చుక్క మర్చిపోతే ధ అవుతుంది. ఆ చుక్కకి ఫ్రెంచ్ నాట్ (సూదికి దారం చుట్టి వేసే ముడి) వేస్తుంటారు, పసిపిల్లల బొంతకి రెండు సన్న కుట్లు ఒకదాని మీద ఒకటి వేసినా సరిపోతుంది.

కుట్టు విషయానికి వస్తే కాడ కుట్టు (స్టెమ్ స్టిచ్) నా మొదటి ఎంపిక. ఆరు పోగుల నూలు దారంలోంచి మూడు పోగులు తీసుకుని, తిన్నగా ఉన్నచోట 4 మిల్లీమీటర్లు, వంపు దగ్గర 2 మిల్లీమీటర్లు. వంపులో పెద్ద కుట్టు పడిందా, గుండ్రం పోయి మూలలు తేలతాయి. దారం ఎప్పుడూ సూదికి ఒకే పక్క ఉండాలి, మధ్యలో పక్క మారితే గీత తెగినట్టు కనిపిస్తుంది. గొలుసు కుట్టు అందంగా ఉంటుంది గానీ లావు, అక్షరం 5 సెంటీమీటర్లు ఉంటేనే వేయాలి. ఫాంటు కోసం వెతికేవాళ్లు గీత మందం అంతటా ఒకేలా ఉన్నదాన్ని ఎంచుకోండి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవాటిలో మండలి ఇలాంటిదే. రామభద్ర లాంటి లావు ఫాంటు బట్టముక్క కత్తిరించి అతికే పనికి బాగుంటుంది, గీతకుట్టుకి కాదు.

అసలు ఫాంటు కన్నా మంచిది నాయనమ్మ చేతిరాత. పాత ఉత్తరంలోనో చందమామ పుస్తకం అట్ట మీదో ఆవిడ రాసినది దొరికితే జెరాక్స్‌లో 200 శాతం పెద్దది చేయించి, వెలుతురు వచ్చే కిటికీ అద్దానికి ఆనించి, పైన బట్ట పెట్టి గీసుకోవడమే. చేతిరాతలో ఉన్న వంకరని సరిదిద్దకండి.

గీయడానికి దేన్ని వాడుతున్నారో జాగ్రత్త. ఆఫీసు కార్బన్ పేపరు వాడితే జిడ్డు మరక ఇక పోదు. నీళ్లకి పోయే నీలం పెన్ను మంచిదే, కానీ చల్లటి మామూలు నీళ్లతో గీత పోగొట్టకుండా ఇస్త్రీ పెట్టె తగిలిస్తే ఆ నీలం అక్కడే ఉండిపోతుంది. ఇస్త్రీ వేడికి మాయమయ్యే పెన్నులైతే ఇంకో రకం మోసం. గడ్డకట్టే చలిలో ఆ గీత మళ్లీ తేలుతుంది. బొంత జనవరిలో చికాగోకో టొరంటోకో పార్సిల్ వెళ్తుంటే ఆ పెన్ను జోలికి పోవద్దు.

ముక్కని బొంత వెనక కింది మూలలో పెట్టి, నాలుగు వైపులా సెంటీమీటరు లోపలికి మడిచి, వెనక పొర ఒక్కదాన్నే పట్టుకునేలా హెమ్మింగ్ చేస్తే ముందు వైపు ఏమీ కనిపించదు.

షష్టిపూర్తికి ఇచ్చే బొంత మీద తారీఖుతో పాటు తెలుగు సంవత్సరం పేరు కుడితే దానికో అందం ఉంది. పుట్టిన సంవత్సరం పేరే అరవై ఏళ్లకి తిరిగి వస్తుంది కదా. 1966 ఉగాది తరవాత పుట్టినవాళ్లది పరాభవ, 2026 ఉగాదికి మళ్లీ అదే. అయితే 1966 జనవరిలో పుట్టినవాళ్లది విశ్వావసు అవుతుంది, ఉగాది ఇంకా రాలేదు కనుక. ఇంగ్లీషు సంవత్సరం చూసి పేరు కుట్టేస్తే పెద్దాయన మొదట పట్టుకునేది ఆ తప్పే.

కుట్టుపని అంతా అయ్యాక సూదులూ గుండుసూదులూ లెక్క చూసుకోవాలి. ఎన్ని వాడారో మొదట్లోనే ఒక కాగితం మీద రాసిపెట్టుకుంటే లెక్క తేలుతుంది. అయినా సరే, ఒక అయస్కాంతాన్ని బొంత రెండు వైపులా వరసగా జరిపి చూడండి. ఉక్కు సూది ఐదు పొరల కిందున్నా లాగుతుంది. ఇత్తడి పిన్నీసులు మాత్రం అయస్కాంతానికి దొరకవు, అందుకే పసిపిల్లల బొంతకి వాటిని వాడకపోవడమే నయం. జరీ, అద్దాలు, చెమ్కీలు, గుండీలు ఏవీ ఉండకూడదు. గద్వాల చీరైతే పట్టు అంచు పూర్తిగా తీసేయండి, ఉతుకులో పట్టు ఒకలా, నూలు ఒకలా ముడుచుకుంటాయి. కుట్టు పొడవు సెంటీమీటరు దాటిన చోట పాపాయి వేలు చిక్కుకుంటుంది, అలాంటివి కనిపిస్తే మధ్యలో ఒక కుట్టు వేసి కట్టేయాలి.

ఉతక్కుండా బొంత ఎవరికీ ఇవ్వొద్దు. రంగు దిగే ప్రమాదం మీ ఇంట్లోనే తేలిపోవాలి. ముందుగా ఒక తెల్ల గుడ్డ తడిపి ఎరుపు, మెరూన్, ముదురు నీలం ముక్కల మీద గట్టిగా రుద్ది చూడండి. ఇది నిజానికి పొరలు పరవడానికి ముందే చేయాల్సిన పని. రాళ్ల ఉప్పులో నానబెడితే రంగు నిలబడుతుందని ఇంటింటా చెప్తారు. అద్దకం అయిపోయిన బట్టకి ఉప్పు గానీ వెనిగర్ గానీ చేసేదేమీ లేదు. రంగు దిగుతున్న ముక్కని విడిగా, నీళ్లు తెల్లబడేదాకా ఉతకడం ఒక్కటే దారి. బొంతలోనే దిగడం మొదలైతే ఆరబెట్టకండి, ఇస్త్రీ అసలే వద్దు. పెద్ద టబ్బు నిండా నీళ్లు పోసి, కొంచెం సబ్బు వేసి, బొంత తేలుతూ ఉండేలా వదిలి, నీళ్లు రంగు మారినప్పుడల్లా మార్చాలి. పెడన కలంకారీ ముక్కలుంటే బ్లీచు దగ్గరికి రానివ్వొద్దు.

తడిసిన బొంత ఒక్క తాడు మీద వేస్తే బరువుకి మధ్యలో సాగుతుంది. రెండు తాళ్ల మీద పరిచినట్టు వేసి, మధ్యాహ్నం తిరగేయాలి. పైపొర ఎండిందని మడిచేస్తే లోపలి పొరల్లో చెమ్మ నిలిచి వాసన పడుతుంది, వానాకాలంలో అయితే నల్లచుక్కలే. రెండో రోజు కూడా ఆరనిచ్చి అప్పుడు మడవండి. దాచేటప్పుడు నాఫ్తలీన్ ఉండలు పెట్టొద్దు. జీసిక్స్‌పీడీ లోపం (రక్తకణాలని కాపాడే ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పసివాళ్లకి ఆ వాసన పట్టిన బట్టలు తగిలినా రక్తకణాలు విరిగి కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. ఎండిన వేపాకు గుడ్డలో కట్టి పెడితే చాలు.

బొంతతో పాటు ఒక చీటీ రాసి పెట్టండి. చల్లటి నీళ్లు, లేదా మిషనులో 30 డిగ్రీలు. బ్లీచు వద్దు. మొదటి రెండుసార్లు విడిగా. ఏడాది లోపు పాపాయిని నిద్రపుచ్చేటప్పుడు వదులు దుప్పట్లూ బొంతలూ పక్కలో ఉంచొద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది కాబట్టి, ఇది మెలకువగా ఉన్నప్పుడు ఎవరైనా చూస్తుండగా నేల మీద పరిచి ఆడించడానికి అని కూడా రాయండి. పెద్దవాళ్లు ఒప్పుకోకపోవచ్చు, అయినా రాయండి.

మిగిలిన అంచు పట్టీ ఒక మూర, అదే రంగు దారం, వాడిన చీరల్లో ఒక్కో ముక్క అరచేయంత, కవర్లో పెట్టి చీటీతో పాటే ఇచ్చేయండి. మొదట చిరిగేది మూలల దగ్గర అంచే. ఆ రంగు పాప్లిన్ మళ్లీ కొట్టుకెళ్తే దొరకదు.